వ్యూఫైండర్‌లో వెలుగు ఒక్కటే చాలదు

పాత మాన్యువల్ లెన్సుల మీద మోజు మళ్ళీ పెరిగింది. అమలాపురంలోనూ భీమవరంలోనూ ఫోటోలంటే ఇష్టపడే కుర్రవాళ్ళు, తండ్రి కాలం నుంచి బీరువాలో పడి ఉన్న 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.4 లెన్సును (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే, వెలుగు వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, అంత పెద్దది) బయటికి తీసి, అవసరమైతే ఒక అడాప్టర్ తగిలించి, తమ డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాకు బిగించి చూస్తున్నారు. వ్యూఫైండర్‌లో ఎదుటి మనిషి కన్ను స్పష్టంగా కనిపించినప్పుడే బటన్ నొక్కినా, తీరా కంప్యూటర్‌లో చూస్తే కన్ను మసకబారి, చెవి దగ్గరి వెంట్రుకలు స్పష్టంగా ఉంటున్నాయి. దాంతో లెన్సు పాడైందని కొందరు, తమ చూపే తగ్గిందని కొందరు నిర్ణయానికి వచ్చి, ఆ లెన్సును తిరిగి బీరువాలో పెట్టేస్తున్నారు. ఆ నిర్ణయం సరైంది కాదని నా వాదన. తప్పు చాలాసార్లు లెన్సుదీ కాదు, కంటిదీ కాదు; ఆ రెండింటికీ మధ్య ఉండే ఫోకసింగ్ స్క్రీన్‌ది. మాన్యువల్ ఫోకస్‌తో పని చేయదలచుకున్నవాళ్ళు మొదట శ్రద్ధా డబ్బూ పెట్టవలసింది ఆ స్క్రీన్ మీద, దాన్ని కంటికి చూపించే వ్యూఫైండర్ మీద. లెన్సు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.

ఎస్.ఎల్.ఆర్. వ్యూఫైండర్‌లో మనం చూసేది నేరుగా ఎదుటి మనిషిని కాదు. లెన్సు గుండా వచ్చిన వెలుగు 45 డిగ్రీల వాలులో ఉన్న అద్దానికి తగిలి పైకి మళ్ళి, ఒక చిన్న గరుకు పలక మీద బొమ్మ కడుతుంది. ఆ పలకే ఫోకసింగ్ స్క్రీన్. దాని పైనున్న ప్రిజం ఆ బొమ్మ కుడి ఎడమలను సరిచేసి, ఐపీస్ ద్వారా కంటికి చేరుస్తుంది. లెన్సు నుంచి అద్దం మీదుగా స్క్రీన్‌కు ఎంత దూరమో, అద్దం లేచినప్పుడు లెన్సు నుంచి ఫిల్ముకు లేదా సెన్సర్‌కు సరిగ్గా అంతే దూరం ఉండాలి. ఆ సమానత ఎంత కచ్చితంగా ఉండాలో లెక్క కట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఎఫ్/1.4 దగ్గర 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద ఒప్పుకోదగిన తేడా అటూ ఇటూ సుమారు 0.04 మిల్లీమీటర్లు మాత్రమే. స్క్రీన్ ఉండవలసిన చోటు నుంచి 0.05 మిల్లీమీటర్లు కిందికో పైకో జరిగితే చాలు, మీటరు దూరంలో కూర్చున్న మనిషి ముఖం మీద ఫోకస్ దాదాపు 18 మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో పోతుంది. ఆ దూరంలో ఆ లెన్సుకు ఉండే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే స్పష్టంగా వచ్చే మేర, ముందూ వెనకా కలిపి మూడు సెంటీమీటర్లు. కంటిపాప దక్కుతుందా లేదా అన్నది ఒక పలచటి రేకు మందంలో తేలిపోతుందన్నమాట.

వెనుకటి స్టూడియో ఫోటోగ్రాఫర్లకు ఇది పని నేర్చుకుంటూనే ఒంటబట్టిన విషయం. మూడు కాళ్ళ స్టాండు మీది పెద్ద కెమెరా వెనుక నల్లగుడ్డ కప్పుకుని, గ్రౌండ్ గ్లాస్ అనే గరుకు గాజు మీద తలకిందులుగా పడిన బొమ్మకు భూతద్దం ఆనించి, కంటిపాపను సరిచూసుకున్నాకే ప్లేటు పెట్టేవారు. ఆ తరువాత వచ్చిన రెండు లెన్సుల కెమెరాల్లోనూ ఇదే పట్టుదల కనిపిస్తుంది. 1970లో వచ్చిన యాషికా మ్యాట్ 124జీనే తీసుకుందాం. కింద ఉండి ఫోటో తీసే లెన్సు ఎఫ్/3.5, పైన ఉండి మనకు బొమ్మ చూపే లెన్సు ఎఫ్/2.8. చూసే లెన్సు ఎందుకు పెద్దదైంది? స్క్రీన్ మీద వెలుగు ఎక్కువ పడుతుందన్నది సగం జవాబు. ఫోటోలో రాబోయే డెప్త్ కన్నా స్క్రీన్ మీద కనిపించే డెప్త్ తక్కువగా ఉంటుంది కనుక, స్క్రీన్ మీద నిలిచిన ఫోకస్ ఫోటోలో తప్పకుండా నిలుస్తుందన్నది మిగిలిన సగం. ఫిల్ముకన్నా కంటికే కఠినమైన పరీక్ష పెట్టిన ఏర్పాటు అది. నేటి డిజిటల్ ఎస్.ఎల్.ఆర్.లలో జరిగింది సరిగ్గా దీనికి విరుద్ధం.

1985లో మినోల్టా 7000తో ఆటోఫోకస్ ఎస్.ఎల్.ఆర్.లు నిలదొక్కుకున్నాక రెండు మార్పులు కలిసి వచ్చాయి. కెమెరా అడుగున ఉండే ఆటోఫోకస్ సెన్సర్‌కు కొంత వెలుగు పంపవలసి వచ్చింది కనుక, ప్రధానమైన అద్దాన్ని కొంతమేర వెలుగు దాటిపోయేట్టు తయారు చేశారు; ఆ మేరకు కంటికి చేరవలసిన వెలుగు తగ్గింది. అంతవరకు కెమెరాతో పాటు వచ్చే ఎఫ్/1.8, ఎఫ్/2 లెన్సుల చోట జూమ్ లెన్సులు వచ్చాయి. వాటి అపర్చర్ ఎఫ్/3.5తో మొదలై, జూమ్ చివరికి వెళ్ళేసరికి ఎఫ్/5.6కు కుంచించుకుపోతుంది. ఎఫ్/1.8తో పోలిస్తే అక్కడ వచ్చే వెలుగు ఇంచుమించు పదో వంతు. కొట్లో కెమెరా కంటికి ఆనించినప్పుడు లోపల చీకటిగా కనిపిస్తే ఎవరూ కొనరు. కాబట్టి తయారీదారులు స్క్రీన్‌ను మార్చారు. పాత గరుకు గాజుకు బదులు, కంటికి విడివిడిగా ఆననంత చిన్న లెన్సులు కోకొల్లలుగా పరిచిన ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. వెలుగు, ఫోకస్ రెండూ ఒకే స్క్రీన్‌లో దక్కించిన ప్రయత్నాలు లేకపోలేదు. మినోల్టా తయారు చేసిన అక్యూట్ మ్యాట్ స్క్రీన్‌ను తరువాత హాసెల్‌బ్లాడ్ కూడా తన కెమెరాల్లో వాడుకుందంటే కారణం అదే. సాధారణ కెమెరాల్లో మాత్రం వెలుగే గెలిచింది.

వెలుగు గెలిస్తే ఫోకస్ ఎందుకు ఓడాలి? గరుకు గాజు తన మీద పడిన వెలుగును నలుదిక్కులకూ చెదరగొడుతుంది. ఎఫ్/1.4 లెన్సు అంచుల నుంచి ఏటవాలుగా దిగే కిరణాలు కూడా అలా చెదిరి, కొంత మేరకు కంటి వైపు మళ్ళుతాయి. డెప్త్‌ను పలచగా చేసేవీ, ఫోకస్ తప్పినచోట మసకను పెంచేవీ ఆ అంచు కిరణాలే. కొత్త స్క్రీన్ వెలుగును అంతగా చెదరనివ్వదు. సూటిగా వచ్చిన దాన్ని సూటిగానే ఐపీస్‌కు పంపుతుంది కనుక బొమ్మ కాంతివంతంగా ఉంటుంది. అంచుల నుంచి ఏటవాలుగా వచ్చింది మాత్రం కంటికి అందకుండా పక్కకు పోతుంది. అందువల్ల మనం బిగించింది ఎఫ్/1.4 లెన్సే అయినా, కంటికి అందే బొమ్మ ఇంచుమించు ఎఫ్/2.8 లెన్సు చూపే బొమ్మే. మీటరు దూరంలో సెన్సర్ మూడు సెంటీమీటర్ల లోపు ఫోకస్ కోరుతుంటే, వ్యూఫైండర్ ఆరు సెంటీమీటర్ల మేర అంతా స్పష్టంగానే ఉందని చూపిస్తుంది. అందులో ఎక్కడ ఆపినా కంటికి తేడా తెలియదు. ఎంత మంచి చూపున్నవాళ్ళైనా స్క్రీన్ మీద లేని తేడాను చూడలేరు.

నా మాట నమ్మనక్కరలేదు, ఎవరికి వారు పరీక్షించుకోవచ్చు. లెన్సు మీద అపర్చర్ రింగు ఉండి, దాన్ని తిప్పగానే లెన్సు లోపలి రేకులు మూసుకునే అడాప్టర్ లెన్సైతే మరీ సులువు. వ్యూఫైండర్‌లో చూస్తూ రింగును ఎఫ్/1.4 నుంచి ఎఫ్/2కు, అక్కడి నుంచి ఎఫ్/2.8కు తిప్పండి. బొమ్మలో వెలుగు గానీ వెనుక మసక గానీ ఏమాత్రం మారకపోతే, మీ స్క్రీన్ ఆ లెన్సులోని పెద్ద అపర్చర్లను మీకు చూపడం లేదని అర్థం. ఎఫ్/4 దగ్గర చీకటి పడటం మొదలైతే, స్క్రీన్ హద్దు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసేచోట ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. వంటింట్లో వెలుగు తక్కువ. బోర్లించిన కుండ కింద మంట, కుండ మీద ఆవిరి. పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను రేకులు తీసే ఆమె కుండ మీద ఒక్కసారి లాగితే, చేయి తీసేలోపే రేకు కట్టి అంచు పైకి లేస్తుంది. ఫోటోలో నాకు కావలసింది ఆ లేచే అంచు. ఆటోఫోకస్‌కు పట్టు దొరకాలంటే తెలుపు నలుపుల తేడా ఉండాలి. వెనుక ఉన్నదంతా కనిపించే తెల్లటి రేకులో ఆ తేడా లేదు కనుక, అది కుండ మసికో గాజులకో వెళ్ళి ఆగుతుంది. గరుకు గాజులాంటి సాదా మ్యాట్ స్క్రీన్‌లో ఫోకస్ రింగును నెమ్మదిగా తిప్పుతూ ఉంటే, స్పష్టత కుండ ముందు భాగం మీద మొదలై, నల్లటి ఉపరితలం మీదుగా వెనక్కి పాకుతూ పోవడం కనిపిస్తుంది. అది అంచు లేచే చోటికి చేరగానే రింగు ఆపేసి, తరువాతి రేకు కోసం ఎదురుచూడవచ్చు. ఎందుకంటే రేకు ప్రతిసారీ దాదాపు అక్కడే లేస్తుంది. వెలుగు ఎక్కువై డెప్త్ తెలియని స్క్రీన్‌లో ఈ పాకడం కనిపించదు. కుండ అంతా ఒకేలా ఉంటుంది.

స్ప్లిట్ ఇమేజ్ పెట్టించుకుంటే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. స్క్రీన్ మధ్యలో రెండు చిన్న ప్రిజం ముక్కలను ఎదురెదురు వాలుల్లో అమర్చి, ఫోకస్ తప్పినప్పుడు గీత రెండుగా విరిగినట్టు, కుదిరినప్పుడు ఒకటైనట్టు కనబడేలా చేసిన ఏర్పాటు అది. దాని బలం మన కంటిలోనే ఉంది. రెండు చుక్కలు విడివిడిగా ఉన్నాయని గుర్తించడానికి మామూలు చూపుకు వాటి మధ్య డిగ్రీలో అరవయ్యో వంతు ఎడం కావాలి. ఒక గీత రెండు ముక్కలై కాస్త పక్కకు జరిగిందని గుర్తించడానికి అందులో పదో వంతు తేడా సరిపోతుంది. దీన్ని ఫోకస్‌కు వాడుకోవాలన్న ఆలోచన గొప్పదని ఒప్పుకుంటాను. గోదావరిలో నిలిపి ఉంచిన పడవ తెరచాప కొయ్యకో, రాజమహేంద్రవరం వంతెన స్తంభానికో స్ప్లిట్ ఇమేజ్ అంత నమ్మకమైనది మరొకటి లేదు.

అయినా నేను దాన్ని వద్దంటాను. నరసాపురం పరిసరాల్లో అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళను ఫోటో తీసినప్పుడు స్ప్లిట్ ఇమేజ్ బలహీనత బయటపడుతుంది. లేసు అంటే ఒకే గుండ్రం, ఒకే ముడి వరుసగా తిరిగి తిరిగి రావడం. పై ముక్కలోని ఒక దారం కింది ముక్కలోని పక్క దారంతో కలిసిపోయి గీత ఒకటైనట్టు కనిపిస్తుంది. ఫోకస్ మాత్రం వేరేచోట ఉంటుంది. అదే లేసును మ్యాట్ స్క్రీన్ మీద చూస్తే పోగు పోగూ తేలి వస్తుంది, సూది కొక్కెం ఏ దారాన్ని పట్టిందో కూడా తెలుస్తుంది. ఇక జూమ్ లెన్సు ఎఫ్/5.6 దగ్గరికి వచ్చేసరికి స్ప్లిట్ ముక్కల్లో ఒకటి నల్లబడిపోతుంది. కన్ను కాస్త పక్కకు జరిగినా అంతే. ఇవి చిన్న ఇబ్బందులు, ఓపికతో దాటవచ్చు.

పెద్ద ఇబ్బంది వేరే ఉంది. స్ప్లిట్ ఇమేజ్ ఫ్రేము మధ్యలోనే ఉంటుంది, మనకు కావలసిన కన్ను మధ్యలో ఉండదు. కనుక మధ్యలో ఫోకస్ చేసి, కెమెరాను పక్కకు తిప్పి, తరువాత బటన్ నొక్కాలి. మీటరు దూరంలో ఉన్న కంటి మీద ఫోకస్ చేసి, ఆ కన్ను ఫ్రేము అంచుకు వచ్చేలా కెమెరాను 15 డిగ్రీలు తిప్పితే, ఫోకస్ తలం కంటిని దాటి 3.4 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. ఎఫ్/1.4లో మనకు దక్కేది కంటికి అటూ ఇటూ ఒకటిన్నర సెంటీమీటర్లే అని పైన చెప్పాను. గీత కచ్చితంగా కలిసింది, ఫోటో కచ్చితంగా తప్పింది. ఈ తప్పు స్ప్లిట్ ఇమేజ్‌లో ఎప్పటికీ కనిపించదు, ఎందుకంటే తిప్పిన తరువాత కన్ను ఆ ముక్కల కింద లేదు. కొంతకాలానికి ఫోటోగ్రాఫర్ దీన్ని తప్పించుకోవడానికి మనుషులందర్నీ ఫ్రేము నడిమధ్యలో పెట్టడం అలవాటు చేసుకుంటాడు. పరికరం చూపును శాసించడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. మ్యాట్ స్క్రీన్ అంతటా ఒకేలా ఉంటుంది కనుక కన్ను ఏ మూల ఉంటే ఆ మూలనే ఫోకస్ చూసుకోవచ్చు. కనుమ నాడు జగ్గన్నతోటకు ప్రభలు వచ్చేటప్పుడు, ఎత్తైన ప్రభ ఫ్రేము పై అంచుదాకా ఉండి, దాన్ని మోసే కుర్రవాళ్ళ ముఖాలు కింది అంచున ఉంటాయి. కొబ్బరి తోటలో వాళ్ళు పరుగెత్తుతూ వస్తుంటే మధ్యలో ఫోకస్ చేసి కెమెరా తిప్పే వ్యవధి ఎవరికుంటుంది?

స్క్రీన్ ఎంత మంచిదైనా అది కంటికి చిన్నదిగా కనిపిస్తే ఫలితం ఉండదు. ఇక్కడ లెక్క నిర్దాక్షిణ్యమైనది. 1972లో వచ్చిన ఒలింపస్ ఓఎం-1 వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్, అంటే నేరుగా కంటికి కనిపించేదాంతో పోలిస్తే బొమ్మ ఎంత పెద్దదో చెప్పే అంకె, 0.92. మొదటిసారి కొనేవాళ్ళ కోసం చేసిన చిన్న సెన్సర్ డిజిటల్ ఎస్.ఎల్.ఆర్.లలో అది 0.8 అని కాగితం మీద రాసి ఉంటుంది గానీ, సెన్సర్ ఒకటిన్నర రెట్లు చిన్నది కనుక అసలు లెక్క 0.53. విస్తీర్ణంలో చూస్తే ఓఎం-1 చూపిన బొమ్మలో మూడో వంతు. పైగా ఈ చౌక కెమెరాల్లో గాజు ప్రిజంకు బదులు లోపల బోలుగా ఉండి అద్దాలు అతికించిన గూడు ఉంటుంది. అందులో వెలుగు ఇంకొంత పోతుంది. ఇలాంటి కెమెరాకు ఎఫ్/1.4 లెన్సు బిగించి కంటితో ఫోకస్ చేయమనడం న్యాయం కాదు. నలభై దాటినవాళ్ళు ఐపీస్ పక్కనుండి, దాన్ని ఎవరి చూపుకు తగ్గట్టు వారు సరిచేసుకునే డయాప్టర్ చక్రాన్ని కూడా సరిచూసుకోవాలి. లెన్సు తీసేసి, తెల్లగోడ వైపు చూస్తూ, స్క్రీన్ మీది గీతలు గానీ అక్షరాలు గానీ పదునుగా కనిపించేదాకా దాన్ని తిప్పాలి. కంటికి స్క్రీనే స్పష్టంగా కనిపించకపోతే దాని మీది బొమ్మ గురించి మాట్లాడి లాభం లేదు.

అద్దం లేని కెమెరాలు వచ్చాక ఈ చర్చంతా పాతబడిందని అనేవాళ్ళున్నారు. వాళ్ళ వాదనలో బలముంది. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ సెన్సర్ చూసిన బొమ్మనే చూపుతుంది కనుక స్క్రీన్ అమరికలో తేడా అన్న సమస్యే లేదు. బొమ్మను పెద్దది చేసి చూస్తే, కదలని వస్తువు మీద ఫోకస్ ఏ గరుకు గాజూ ఇవ్వనంత కచ్చితంగా దొరుకుతుంది. కడియం నర్సరీల్లో పూల కేసరాలను దగ్గరగా తీసేవాళ్ళకు నేనూ అదే చెబుతాను. అయితే బొమ్మను పెద్దది చేసిన క్షణంలో ఫ్రేము మాయమవుతుంది. కంటి రెప్పలు కనిపిస్తాయి. చేతులేం చేస్తున్నాయో, వెనుక ఎవరొచ్చి నిలబడ్డారో కనిపించదు. పెద్దది చేయకుండా, అంచులకు రంగు పూసి చూపే పీకింగ్ మీద ఆధారపడదామంటే, 36.9 లక్షల చుక్కల వ్యూఫైండర్‌లో, మూడు రంగుల చుక్కలు కలిస్తేనే ఒక పిక్సెల్ కనుక, నిజంగా ఉండే పిక్సెళ్ళు 12 లక్షల చిల్లర, సెన్సర్‌లో 2.4 కోట్లు. ఇరవయ్యో వంతు వివరం మాత్రమే చూపగల తెర మీద రంగు కనబడినంత మేరా ఫోకస్ ఉందని నమ్మలేం. పెద్ద అపర్చర్‌లో కన్నూ కనుబొమా రెండూ ఒకే రంగులో మెరుస్తాయి. ఫ్రేము మొత్తాన్నీ ఫోకస్‌నూ ఒకేసారి, ఒకే చూపులో చూడగలగడం మంచి మ్యాట్ స్క్రీన్ ఇచ్చే వరం. దానికి సమానమైనది నాకు ఇంకా కనిపించలేదు.

కనుక చేయదగింది ఏమిటంటే, స్క్రీన్ మార్చుకునే వీలున్న కెమెరాను ఎంచుకోవడం. 1959 నాటి నికాన్ ఎఫ్‌లోనే ఆ వీలుంది. కెనాన్ 5డీ మార్క్ 2, 6డీలకు ఈజీ-ఎస్ అనే స్క్రీన్ దొరికేది, ఎఫ్/2.8, అంతకన్నా పెద్ద అపర్చర్ లెన్సుల కోసం ప్రత్యేకంగా చేసిన మ్యాట్ స్క్రీన్ అది. బొమ్మ కొంచెం చీకటవుతుంది, జూమ్ లెన్సుతో మరీ చీకటవుతుంది, ఫోకస్ మాత్రం ఉన్నదున్నట్టు తెలుస్తుంది. స్క్రీన్ మార్చాక కెమెరా మెనూలో ఆ సంగతి తెలియజేయాలి, లేకుంటే లైట్ మీటర్ తప్పు చెబుతుంది. 2012లో వచ్చిన 5డీ మార్క్ 3లో వాడుకదారు స్క్రీన్ మార్చుకునే వీలు తీసేశారు. ఆ కెమెరా విడుదలైనప్పుడు ఎంతమంది దీని గురించి బాధపడ్డారో తెలియదు గానీ, నాకు అది పెద్ద నష్టంగానే తోచింది.

ఫిల్ము వాడేవాళ్ళకు నా సలహా నికాన్ ఎఫ్ఎం2. దానితో వచ్చేది స్ప్లిట్ ఇమేజ్ ఉన్న కే2 స్క్రీన్. దాన్ని తీసి సాదా మ్యాట్ బీ2 గానీ, గీతల గళ్ళున్న ఈ2 గానీ పెట్టుకోవచ్చు. లెన్సు తీసేస్తే పైభాగాన చిన్న కొక్కెం కనిపిస్తుంది. దాన్ని లాగగానే స్క్రీన్ ఉన్న చట్రం కిందికి వాలుతుంది. స్క్రీన్ అంచున వేలితో ముట్టుకోకుండా పట్టుకోవడానికి ఒక చెవి ఉంటుంది. స్క్రీన్‌తో పాటు ఇచ్చే పట్టకారుతో ఆ చెవిని పట్టి పాతది తీసి, కొత్తది పరిచి, చట్రాన్ని టక్కుమనేలా పైకి నొక్కాలి.

మెకానిక్ విప్పి బిగించిన కెమెరా అయితే అమరికను సరిచూడకుండా పెళ్ళికి తీసుకెళ్ళకూడదు. కొన్ని కెమెరాల్లో స్క్రీన్ పైన పలచటి రేకులు ఉంటాయి. దూరం సరిపెట్టడానికి ఫ్యాక్టరీలో వేసినవి అవి. మా వైపు ఒక మరమ్మతు షాపులో ప్రిజం శుభ్రం చేసి, ఆ రేకును అనవసరమనుకుని పక్కన పడేసి, నా కెమెరాను తిరిగి ఇచ్చారు. వ్యూఫైండర్ తళతళలాడింది, ఫోకస్ అంతా తప్పింది. పరీక్ష తేలికే. ఫిల్ము లేకుండా వెనుక తలుపు తెరిచి, ఫిల్ము ఆనే పట్టాల మీద మసక టేపును బిగువుగా అంటించి, షట్టర్‌ను బీలో (బటన్ నొక్కినంతసేపూ తెరిచి ఉండే అమరికలో) తెరిచి ఉంచి, మీటరు దూరంలో ఏటవాలుగా పెట్టిన దినపత్రిక బొమ్మను ఆ టేపు మీద భూతద్దంతో చూడాలి. వ్యూఫైండర్‌లో ఏ పంక్తి మీద ఫోకస్ పెట్టారో టేపు మీద ఆ పంక్తే పదునుగా ఉండాలి. డిజిటల్‌లో అయితే ఒక ఫోటో తీసి చూస్తే సరిపోతుంది.

మన డెల్టాలో పాత కెమెరా కొనేవాళ్ళు ఇంకో విషయం గమనించాలి. ఇక్కడి గాలిలో తేమ ఏడాది పొడుగునా తగ్గదు. ముసురు పట్టిందంటే తోలు సంచిలో ఉంచిన కెమెరాకు బూజు పట్టడం ఖాయం. లెన్సుకు పట్టిన బూజును అందరూ చూస్తారు, ప్రిజంకూ స్క్రీన్‌కూ పట్టిన దాన్ని ఎవరూ చూడరు. లెన్సు తీసి, అద్దం ముందున్న స్పాంజి పట్టీని అగ్గిపుల్లతో తాకి చూడండి. నల్లగా బంకలా అంటుకుంటే అది చివికిపోయింది, దాని పొడి స్క్రీన్ మీద పడుతూ ఉంటుంది. పాత ఓఎం-1లలో ప్రిజం పైనున్న స్పాంజి చివికి వెండి పూతనే తినేస్తుంది కనుక, వ్యూఫైండర్‌లో మరకలు ఉంటే ఆ కెమెరా వదిలేయడం మంచిది. స్క్రీన్ మీది దుమ్మును గాలి బుడ్డితో ఊదాలే తప్ప గుడ్డతో తుడవకూడదు. ఆ ప్లాస్టిక్ ఉపరితలం మీద పడిన గీత పోదు, వేలిముద్ర పడితే దాన్ని తుడిచే ప్రయత్నంలో గరుకుదనమే పోతుంది. ఊదినా పోని దుమ్ము ఫోటోలో రాదు కాబట్టి దాన్ని అలాగే వదిలేయవచ్చు.